జవాబు రేపు పొద్దున

మాట ఆగిపోయిన తరువాత మైకు ఊరికే ఉండదు. సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది. చర్ల చుట్టుపక్కల ఏ గూడెంలో మీటింగు పెట్టినా షామియానా కింద నాకు ముందుగా వినిపించేది ఆ చప్పుడే. నేను టీచర్ని. కోయ నేను పుట్టిన భాష, తెలుగు నేను జీతం తీసుకునే భాష. రెండూ వచ్చు కనుక మీటింగులకు పిలిచి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పమంటారు. ఇవాళ మధ్యాహ్నం కూడా పిలిచారు. ఈ ఊరివాళ్ళ మెట్ట చెలకల మీదుగా కాలువ తవ్వే సంగతి. ఆఫీసరు చెప్పవలసిందంతా చెప్పి, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాడు. నేను ఆ మాట కోయలో చెప్పాను. చాపల మీద కూర్చున్నవాళ్ళు నేలకేసి చూశారు. మైకు గుయ్‌మంది. ఆఫీసరు వాచీ చూసుకుని, "సంతోషం, అందరూ ఒప్పుకున్నట్టే" అన్నాడు. వెనకనుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పట్లు విన్నప్పుడల్లా పక్కన ఎవరో నిలబడి, "ఆగుర్రి సార్, జర ఆగుర్రి" అంటున్నట్టుంటుంది. అలా అనగలిగిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది.

ఆమె పేరు కొమురమ్మ. ఇల్లెందులో బొగ్గుబాయి దిగే కార్మికుడి కూతురు. డెబ్బైల చివరలో మా ఏటిగుంపు బడికి టీచరుగా వచ్చింది. ఏటిగుంపు చర్లకు అవతల, అడవిలో, ఏటి ఒడ్డున ఉండే చిన్న కోయ పల్లె. ఇప్పుడు లేదు. చర్లలో బస్సు దిగి నడిచి రావాలి. నెత్తిన రేకు పెట్టె పెట్టుకుని, చెమటలు కక్కుతూ ఆమె ఊళ్ళోకి వచ్చిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. పెట్టె దించుతూనే మా నాన్నను, "ఏందన్నా గీ తొవ్వ, దీనికి అంతే లేదా?" అని తిట్టినట్టే అడిగింది. బడి గురించి, టీచరు గురించి రాస్తున్నాను కనుక చదివేవాళ్ళు ఎవరో ఓర్పు గల దేవతను ఊహించుకుంటారేమో. కాదు. "జల్ది" అన్న మాట లేకుండా ఆమె నోట ఏదీ పూర్తయ్యేది కాదు. జల్ది తినుర్రి, జల్ది రాయుర్రి. పొయ్యి అంటుకోకపోతే పొయ్యిని తిట్టేది, తడిసిన కట్టెలను తిట్టేది, వానను కూడా పేరు పెట్టి పిలిచినట్టు తిట్టేది. నోట్లో ఎప్పుడూ వక్క ఉండేది. మేమంతా ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం, చాటుగా జల్దమ్మ అనేవాళ్ళం.

ఆమెకు ముందు ఉన్న పంతులు ఎప్పుడో ఒకసారి వచ్చి, హాజరు వేసుకుని, పొద్దు తిరగకముందే వెళ్ళిపోయేవాడు. ఆయన లెక్కలో మేమంతా మొద్దులం. నన్నయితే మూగదాన్ని చేశాడు. "జోగయ్యా, నీ బిడ్డకు మాట రాదు, బడికి పంపి దండగ" అని మా నాన్నకే చెప్పాడట. మా నాన్న జోగయ్య గుంపుకు, అంటే మా పల్లెకు, పెద్ద. సంతలో ఉప్పు, మిరపకాయలు కొనేంత తెలుగు ఆయనకు వచ్చు. పంతులు అన్నది అర్థమైంది గానీ, ఇంట్లో పొద్దస్తమానం వాగుతూ తిరిగే నన్ను చూసి, ఆ పంతులుకే ఏదో జబ్బు అనుకున్నాడు.

టీచరమ్మ వచ్చిన కొత్తలో ఒక రోజు ఏటి వైపు చెయ్యి చూపించి, సగం మాటలు సగం సైగలతో, "గీ ఏట్ల నీళ్ళు యాడికెళ్ళి వస్తున్నయి?" అని నన్నడిగింది. నేను తల వంచుకున్నాను. ఆమె మళ్ళీ అడిగింది. నేను ఇంకా వంచుకున్నాను. "మంచిదే, నోట్ల బెల్లం గడ్డ పెట్టుకున్నవా ఏంది?" అని విసుక్కుని ఇంకొకరిని అడిగింది. వాళ్ళూ తల వంచారు. సాయంత్రం నేను ఇంటికి పోయి మా నాయనమ్మను అడిగాను. ఆమె చెప్పింది. పడుకునే ముందు మళ్ళీ తలచుకున్నాను. మర్నాడు తెల్లవారగానే బడి గుడిసె ముందు నిలబడి, పుల్లతో పళ్ళు తోముకుంటున్న టీచరమ్మకు మొత్తం జవాబు కోయలో గడగడా ఒప్పజెప్పాను. గుట్ట పేరు, దాని పొట్టలోని ఊట, ఎండాకాలం అది ఎక్కడ దాక్కుంటుందో, అన్నీ. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. భయపడి మా నాన్నను పిలిపించింది.

"నువ్వు అడిగిన దానికి జవాబు తెచ్చింది" అన్నాడు నాన్న నవ్వుతూ.

"నేను అడిగింది నిన్న కదనే అన్నా. నిన్ననే ఎందుకు చెప్పలె?"

నాన్నకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "నిన్న అడిగితివి. నిన్ననే ఎట్ల చెప్తరు?" అన్నాడు.

మా దగ్గర పద్ధతి అది. పెద్ద సంగతి ఏదైనా గుంపు ముందుకు వస్తే అందరూ కూర్చుని వింటారు. పెద్ద ఆ మాటను మళ్ళీ ఒకసారి తన నోటితో చెప్పి, "విన్నాం" అంటాడు. అంతే, లేచిపోతారు. ఆ మాట ఇళ్ళకు పోతుంది. మీటింగులో మాట్లాడని ఆడవాళ్ళు పొయ్యిల దగ్గర దాన్ని తిప్పి తిప్పి చూస్తారు. తెల్లవారాక మళ్ళీ కూర్చున్నప్పుడు పెద్ద జవాబు చెబుతాడు. అడిగిన చోటనే ఠక్కున జవాబిస్తే అడిగినవాణ్ణి తేలిక చేసినట్టు. నీ మాట ఒక రాత్రికి కూడా తగదని మొహం మీద చెప్పినట్టు. పిల్లలకు ఎవరూ ఇది నేర్పరు. చూసి పట్టుకుంటాం. పాత పంతులు దానికి మొద్దుతనం అని పేరు పెట్టాడు.

టీచరమ్మ బడి గడప మీద కూర్చుని కాసేపు పడీ పడీ నవ్వింది. పాత పంతులు నన్ను మూగదన్నాడని నాన్న చెప్పగానే నవ్వు ఆపి నన్ను దగ్గరకు తీసుకుంది. ఎందుకో ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ రోజు నుంచి మా బడి పద్ధతి మారిపోయింది. ఇంటికి పోయేటప్పుడు ప్రశ్న, బడికి వచ్చేటప్పుడు జవాబు. పొద్దున్నే బడి ముందు మా గోల భరించలేక చెవులు మూసుకునేది. ఆమెకు అది ఎంత కష్టమైన పనో నాకు పెద్దయ్యాకనే అర్థమైంది. గంట కొట్టినట్టు బతికే మనిషి, రోజుకొక రాత్రి మా కోసం ఆగేది. మా పద్ధతితో పాటు మా మాటా నేర్చుకుంది. మొదట మా నాయనమ్మ దగ్గర, తరువాత మా అందరి దగ్గర తిట్లు తింటూ, నవ్వించుకుంటూ నేర్చుకుంది.

ఒకసారి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, తెల్లటి చొక్కా. వరసగా మమ్మల్ని నిలబెట్టి ప్రశ్నలు వేశాడు. మేం పద్ధతి ప్రకారం తలలు వంచాం. "ఏమ్మా, ఒక్కరూ నోరు విప్పరేం?" అన్నాడు. "రేపు పొద్దుగాల రండి సార్, మీరే వద్దనేదాంక చెప్తరు" అంది టీచరమ్మ. ఆయన వేళాకోళం అనుకున్నాడు. పైగా ఆమె మాతో కోయలో మాట్లాడటం విన్నాడు. "తెలుగు నేర్పడానికి జీతమిస్తే నువ్వు వీళ్ళ భాష నేర్చుకుంటున్నావా? అయినా నీ తెలుగే అంతంతమాత్రం, గిట్ల, గట్ల. నువ్వేం నేర్పుతావులే" అని నవ్వాడు. టీచరమ్మ మొహం నల్లబడిపోయింది. "గీ తెలుగుతోనే మా నాయన బాయి దిగిండు సార్. గీ తెలుగుతోనే నన్ను సదివిచ్చిండు. దీనికేం తక్కువైంది?" అంది. ఆయన రాసుకోవలసింది రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె అన్నం వండుకోలేదు. మా అమ్మ గిన్నెలో జావ పంపిస్తే నేను తీసుకుపోయాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నాకు సగమే అర్థమయ్యే తెలుగులో చెప్పింది. ట్రైనింగు చదివేటప్పుడు మొదటి రోజే ఆమె పేరు విని క్లాసంతా నవ్విందట. కొమురమ్మ ఏమిటి, కుమారి అని రాసుకో అని సలహా ఇచ్చారట. నోరు తెరిస్తే యాస, మూస్తే పొగరు. "ఏడాది నేను మాట్లాడలె బిడ్డా. తెలిసిన జవాబు కూడ నోట్లనే మింగిన. నా తలకాయ పనిచేస్తదో లేదో నాకే అనుమానమొచ్చింది. మాట మింగుడు అలవాటైతే ఆలోచన కూడ మెల్లగ బందయితది" అంది. పేరు మాత్రం మార్చుకోలేదు. నన్ను మూగదాన్నన్న సంగతి విన్న రోజు ఆమె కళ్ళు ఎందుకు తడిశాయో నాకు తెలిసింది ఆ మాటల్లోనే. పాత పంతులు నా పేరు దేవమ్మ అని రాసి ఉంటే, కొట్టేసి దేవె అని రాసింది కూడా ఆమే.

తరువాత నన్ను భద్రాచలం హాస్టల్లో వేయించింది. అక్కడ నాకు తెలుగు బాగా వచ్చింది. తెలుగుతో పాటు తొందర కూడా వచ్చింది. ముందు చెయ్యి ఎత్తినవాళ్ళకే మెప్పు. ఏది చెప్పినా ఫరవాలేదు, వెంటనే చెప్పాలి. నేను చురుకైన పిల్లనని పేరు తెచ్చుకున్నాను. సెలవుల్లో ఇంటికి పోతే నాన్న ఏదో అడిగేవాడు, మాట పూర్తి కాకముందే నేను జవాబిచ్చేదాన్ని. నాన్న కొంచెం సేపు నా మొహంలోకి చూసి, "ఎవరు తరుముతున్నారే నిన్ను?" అనేవాడు. కోయలో నేను ఆలోచించే తీరు ఒకటి, తెలుగులో ఆలోచించే తీరు ఒకటి. రెండింటి మధ్య ఒక రాత్రి తేడా ఉంది. ఆ రాత్రిని నేను హాస్టల్లో ఎక్కడో పోగొట్టుకున్నాను, ఇప్పటికీ దొరకలేదు.

ఎనభైలలో, దసరా సెలవులు అయిపోయే రోజుల్లో, మా గుంపుకు జీపు వచ్చింది. అడవిలో ఉన్న చిన్న చిన్న గుంపులన్నిటినీ తీసి రోడ్డు పక్కన ఒక కాలనీగా చేస్తారట. కరెంటు, బోరింగు, దవాఖానా అన్నీ దగ్గరవుతాయట. అందులో అబద్ధమేమీ లేదు, అవన్నీ తరువాత నిజంగానే వచ్చాయి. బడి ముందు ఆఫీసరు కోసం స్టూలు వేశారు. ఆయన తెలుగులో చెప్పాడు, టీచరమ్మ కోయలో చెప్పింది. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట విడవకుండా చెప్పింది. నాన్న లేచి అదంతా తన నోటితో మళ్ళీ చెప్పి, "విన్నాం" అని కూర్చున్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఆఫీసరు.

"విన్నం అంటుండు సార్."

"అంటే ఒప్పుకున్నట్టే కదా."

"కాదు సార్. విన్నం అంటుండు. ఆగుర్రి, జర ఆగుర్రి. రేపు పొద్దుగాల చెప్తరు. ఈ పూట ఈన్నే ఉండుర్రి, బడిల మంచమేస్త, కోడి కోస్తరు."

ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు, నవ్వాడు. "రేపు నేను వెంకటాపురంలో ఉండాలమ్మా" అన్నాడు. మా వైపు తిరిగి, "మీకెవరికైనా అభ్యంతరం ఉందా?" అని గట్టిగా అడిగాడు. అందరూ నేలకేసి చూశారు. "చూశావా, లేదు" అన్నాడు. టీచరమ్మ జీపు వెనకాల ఏటి దాకా ఏదో చెబుతూనే నడిచింది. దుమ్ములో ఆమె మాట మాకు వినపడలేదు.

మర్నాడు పొద్దున జరిగింది ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మా గుంపు మొత్తం బడి ముందుకు వచ్చి, నిన్న కూర్చున్న చోటనే కూర్చుంది. ఆడవాళ్ళూ వచ్చారు. స్టూలు ఇంకా అక్కడే ఉంది. ఆఫీసరు వెళ్ళిపోయాడని అందరికీ తెలుసు. కానీ అడిగింది నిన్న, జవాబు ఇవాళ ఇవ్వాలి కదా. నాన్న లేచి ఖాళీ స్టూలు వైపు తిరిగి జవాబు చెప్పాడు. తొందరపడకుండా, ఒక్కొక్క ఇంటి మాటా తీసుకుని చెప్పాడు. చివర, "మేం రాము" అన్నాడు. టీచరమ్మ స్టూలు పక్కన నిలబడి, ఆ మాటలన్నిటినీ తెలుగులో చెప్పింది. వినేవాళ్ళలో తెలుగు అవసరమైన వాళ్ళు ఎవరూ లేరు. అయినా పైకి, గట్టిగా చెప్పింది.

ఆ వెంటనే, "నడువుర్రి, జల్ది" అని నాన్నను లేవదీసింది. జీపు వెంకటాపురం నుంచి తిరిగి భద్రాచలమే పోవాలి, సాయంత్రానికి ఆయన అక్కడ దొరుకుతాడని ఆమె లెక్క. నన్ను ఎలాగూ హాస్టల్లో దింపాలి కనుక నేనూ వెంట వెళ్ళాను. చర్ల దాకా నడిచి, బస్సెక్కి, ఆఫీసు వరండాలో కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా ఆఫీసరు వచ్చాడు. టీచరమ్మ పొద్దున నాన్న ఇచ్చిన జవాబంతా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు, అది నేను చూశాను. అంతా విని, నాన్న వైపు తిరిగి ఒకే మాట అడిగాడు. "మరి నిన్న నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

అది కొత్త ప్రశ్న. నాన్నకు అది పెద్ద ప్రశ్న. ఆయన దాన్ని కోయలో మెల్లగా తనలో తను మళ్ళీ చెప్పుకుని, "విన్నాను" అన్నాడు. తల వంచాడు.

టీచరమ్మ కోయలో బతిమాలింది. "అన్నా, ఇప్పుడే చెప్పు. ఏదో ఒకటి చెప్పు. నీ కాళ్ళు మొక్కుతా." నాన్న ఆమెను చూసిన చూపు నేను ఇంతవరకు మరిచిపోలేదు. మా మాట నేర్చుకున్న మనిషి, మా పద్ధతి తెలిసిన మనిషి, ఇలా అడుగుతుందేమిటన్నట్టు చూశాడు. "రేపు చెబుతా" అన్నాడు. ఆఫీసరు ఆమె వైపు చూశాడు. ఆమె నోరు తెరిచింది. ఏదైనా చెప్పవచ్చు. భయపడ్డారు సార్, అర్థం కాలేదు సార్, ఏ ఒక్క మాట ఆమె నోటినుంచి వచ్చినా అది నాన్న మాటే అనుకునేవాడు. ఆమె అదేమీ అనలేదు. "రేపు చెప్తడట సార్" అంది. ఆఫీసరు తల పట్టుకుని నవ్వి, లోపలికి వెళ్ళిపోయాడు. ప్యూను వచ్చి చర్ల ఆఖరి బస్సు వేళయిందన్నాడు. ముగ్గురం లేచాం. నన్ను హాస్టల్ గేటు దగ్గర దింపి వాళ్ళిద్దరూ బస్టాండు వైపు నడిచారు.

ఎండాకాలం రాకముందే ఏటిగుంపు లేకుండా పోయింది. కాలనీలో మాకు వరసగా రేకుల ఇళ్ళు ఇచ్చారు. ఇంటిని మేం లోను అంటాం. ఆ రేకుల గదిని మా నాయనమ్మ చచ్చేదాకా లోను అనలేదు, తెలుగులో ఇల్లు అనే అనేది. అక్కడ గుంపు కూర్చోవడమే లేదు, అడిగేవాళ్ళు అడిగి అక్కడే రాసుకుపోయేవారు. పెద్దరికం చెయ్యడానికి ఏమీ మిగలక నాన్న మాట తగ్గించాడు. కొన్నాళ్ళకు పోయాడు. టీచరమ్మను అశ్వారావుపేట వైపు బదిలీ చేశారు. నాకు ఆమె మీద కోపం వచ్చింది. చాలా ఏళ్ళు ఆ కోపాన్ని పెంచుకున్నాను. ఒక్క మాట కల్పించి చెబితే ఊరు దక్కేదేమో కదా అని, హాస్టల్లో, ట్రైనింగులో, ఉద్యోగంలో చేరాక కూడా అనుకుంటూనే ఉన్నాను.

తొంభైలలో ఆమె రిటైరై ఇల్లెందులో తమ్ముడి కార్మిక క్వార్టరులో ఉందని తెలిసి వెళ్ళాను. సన్నబడిపోయింది. వక్క మానలేదు. నన్ను చూసి, "దేవె! గింత పెద్దగైనవా!" అని కోయలోకి మారిపోయింది. నేను తెలుగులో జవాబిస్తున్నానని కొంతసేపటికి గానీ నాకు తెలియలేదు. సాయంత్రం బాయి సైరను మోగింది, తమ్ముడు డ్యూటీకి వెళ్ళాడు. వాకిట్లో ఇద్దరమే మిగిలాం. అప్పుడు అడిగాను.

"ఆ రోజు ఆఫీసులో నాన్న చెప్పకపోతే నువ్వే ఏదో ఒకటి ఎందుకు చెప్పలేదు టీచరమ్మా? ఒక్క మాట."

ఆమె వక్క నమలడం ఆపింది. నేలకేసి చూసింది. ఆఖరికి, "రేపు పొద్దుగాల చెప్త" అంది. నాకు ఏడుపు వచ్చింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

తెల్లవారి టీ గ్లాసు నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు తప్పు అడుగుతున్నవ్ బిడ్డా. మీ నాయన మాట కాని దాన్ని మీ నాయన మాటని చెప్పలేను. ఇప్పుడు అడిగినా చెప్పను. నన్ను కుమారిని చెయ్యజూసిన్రే, గదే పని నేను ఆయనకు చేసినట్టయితది. దానికి నాకు రంది లేదు. నా రంది వేరేది." వక్క ఇంకో దవడకు తోసింది. "మర్నాడు పొద్దుగాల ఏమైందో ఎరుకనా? నువ్వు హాస్టల్ల ఉంటివి. మీ నాయన బడి కాడికొచ్చి నిలబడ్డడు. జవాబు తెచ్చిండు. నిన్న ఎందుకు చెప్పలేదని అడిగిన్రు గదా, ఊరు లేచిపోవాల్నా అని అడిగితే అది మా ఒక్కరినే అడిగినట్టు కాదు, రాళ్ళ కింద ఉన్న మా పెద్దలను కూడ అడిగినట్టు. పొద్దుగూకినంక గదా వాళ్ళ దగ్గర కూసునేది, వాళ్ళను అడగకుంట అప్పుడే ఎట్ల చెప్తం అన్నడు. గట్ల, అంత సాఫుగ చెప్పిండు దేవె. ఆ ఆఫీసరు మనసున్నోడు. ఇంటుండె. కని ఆయన భద్రాచలంల ఉండె, మేం ఏటిగుంపుల ఉంటిమి."

చనిపోయినవాళ్ళకు మేం నిలిపే రాళ్ళ దగ్గర నాన్న సాయంత్రాలు కూర్చోవడం నాకు తెలుసు. ఆ మాట మాత్రం నాకెవరూ చెప్పలేదు.

"మరి మళ్ళీ పోలేదా?"

"పోయిన. ఒక్కదాన్నే పోయిన. ఆయన అటెన్క కనబడలె, క్యాంపు మీద క్యాంపు. తతిమ్మోళ్ళు నన్ను వరండా ఎక్కనియ్యలె. ఒక్క రాత్రి బిడ్డా. ఆ వరండాల మీ నాయన తోని కూసుండాల్సింది. రేపు చెప్తా అన్నడు గదా, రేపటిదాంక ఆడనే కూసుంటే అయిపోతుండె. ఆఫీసర్లు ఆగరని జిందగంత తిట్టిన. ఆ ప్యూను బస్సనంగనే ఫస్టు లేసింది నేను. మీ నాయన లెవ్వలె, యాదున్నదా? నేనే చెయ్యి పట్టి లేపిన. 'నడువన్నా, జల్ది' అన్న."

నా చేతిలోని గ్లాసులో టీ మీద పొర కట్టింది. నాకు కోపం ఎటు పోయిందో తెలియదు, దాని చోట వచ్చింది కోపం కన్నా బరువుగా ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళ తరువాతనో కోయలో, "విన్నాను టీచరమ్మా" అన్నాను. మళ్ళీ వానలు వచ్చేలోపు ఆమె పోయిందని కబురు వచ్చింది.

నా పిల్లలకు కోయ అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులో ఇస్తారు, వెంటనే ఇస్తారు. తప్పు పట్టలేను, ప్రపంచం అలాగే అడుగుతోంది. ఇవాళ మధ్యాహ్నం మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్ళలో కోయ కుర్రవాళ్ళూ ఉన్నారు. చప్పట్లు అయ్యాక నేను మైకు దగ్గరకు వెళ్ళి, "సార్, వీళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు. జవాబు రేపు పొద్దున వస్తుంది. నేను ఇక్కడే ఉండి విని, మీ దగ్గరకు తీసుకొస్తాను" అన్నాను. ఆఫీసరు ఒక్క క్షణం నన్ను చూసి, "మీ ఇష్టం మేడం" అన్నాడు. జీపులు వెళ్ళిపోయాయి. షామియానా విప్పేశారు. ఈ ఊరి బడి వరండాలో చాప వేసుకుని ఇది రాస్తున్నాను. ఎదురుగా ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి. ఏ ఇంట్లోనైనా మధ్యాహ్నపు మాట తిరుగుతోందో, లేక టీవీ మాత్రమే మోగుతోందో ఇక్కడికి వినపడదు. వాళ్ళు నేలకేసి చూసింది జవాబు తెద్దామనో, జవాబు చెప్పడమే మానేసి ఎన్నాళ్ళో అయినందుకో కూడా నాకు తెలియదు. రేపు ఈ వాకిలికి ఎవరూ రాకపోవచ్చు.

రోడ్డు మీద భద్రాచలం ఆఖరి బస్సు ఆగి హారన్ కొట్టింది. నేనున్నానని డ్రైవరుకు తెలుసు, ఇంకోసారి కొట్టాడు. "మేడం, జల్ది రండి" అని కండక్టరు కేక వేశాడు. బస్సు కదిలి, మలుపు తిరిగి, దాని చప్పుడు అడవిలో కలిసిపోయేదాకా వింటూ, ఇక్కడే కూర్చున్నాను.